మల్లెలు కోసుకోమన్నది నేనే

ఆ మల్లెమొగ్గలు కోసుకోమని రాజ్యలక్ష్మి గారితో చెప్పింది నేనే. ఈ మాట చెప్పవలసిన చోట, చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. చెప్పకపోగా దానికి బదులు ఒక అబద్ధం చెప్పాను. ఢిల్లీలో ఉద్యాన విభాగంలో నేను పనిచేసిన కాలం గురించి రాయమని, ఆ పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అడిగారు. గులాబీలతో మొదలుపెడదామని కూర్చున్నాను. ఈ వాక్యమే ముందు వచ్చింది. దీన్ని పక్కన పెట్టి మిగతాది ఎంత బాగా రాసినా అది దొంగ రాత అవుతుంది.

ఎప్పుడు చేరాను, ఏ హోదాలో మానేశాను అన్నవి మీకు అక్కరలేదు. యాభై నిండకముందే నా అంతట నేనే తప్పుకున్నాను. మీకు పనికొచ్చేది వేరే ఉంది.

పని ఎలా ఉండేదంటే

దక్షిణ ఢిల్లీలో ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు, వాటి మధ్య పార్కులు, ఒకటి రెండు ఆఫీసుల ముందరి పచ్చికలు నా కింద ఉండేవి. పూల మధ్య ఉద్యోగం, అదృష్టవంతుడివి అనేవారు. పూలు పెంచేది మాలీలు. మనం చేసేది నీళ్ళ ట్యాంకరు కోసం ఫోన్లు చెయ్యడం, ఎరువు బండి ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవడం, పై అధికారి వస్తున్నాడంటే మడుల చుట్టూ ఉన్న ఇటుకలకు ఎర్రటి గేరు మట్టి పూయించడం. తడి గేరు మీద చెయ్యి పెట్టి మా డైరెక్టరు గారు ఒకసారి తెల్ల సఫారీ పాడు చేసుకున్నారు. ఆ నెలంతా మాలీలు ఆ ముచ్చటే చెప్పుకున్నారు.

అయినా ఈ ఉద్యోగంలో ఒక సుఖం ఉంది, దాన్ని మాత్రం ఎవరూ మీకు నేర్పరు. జనవరి పొగమంచులో పార్కులోకి అడుగు పెడితే ఏమీ కనిపించదు. ఎదురుగా స్వీట్‌పీ తీగ ఉందని వాసనే చెబుతుంది. సెప్టెంబరు చివర్లో పారిజాతాలు రాలిన చోట నేల తడిగా ఉండి, తెల్లటి రేకుల మధ్య నారింజరంగు కాడలు కనిపిస్తాయి. ఏప్రిల్ చివర్లో వేపపూత వాసన ట్రాఫిక్ పొగను కూడా కాసేపు గెలుస్తుంది. రోజూ ఒక్క పువ్వు దగ్గరైనా పని లేకుండా ఆగండి. పురుగు పట్టిందా అని చూడటానికి కాదు, ఊరికే. అలా ఆగడం నాకు అలవాటు కాకపోతే ఆ ఊళ్ళో అన్నేళ్ళు ఉండగలిగేవాణ్ణి కాదు.

నేను ఒంటరిగా ఉండేవాణ్ణి. నా భార్యది తెనాలిలో టీచరు ఉద్యోగం. పాపతో అక్కడే ఉండిపోయింది. మొదట్లో నేను సెలవు మీద వెళితే ఇద్దరూ స్టేషనుకు వచ్చేవారు. తర్వాత రిక్షాలో నేనే వెళ్ళేవాణ్ణి. ఆ తర్వాత, నేను వచ్చినా రాకపోయినా ఆ ఇంట్లో పనులు ఒకేలా జరుగుతాయని అర్థమైంది. ఎవరి తప్పూ కాదు. ఢిల్లీలో నాకు మునిర్కాలో మేడమీద ఒక గది. చుట్టూ చదువుకునే కుర్రాళ్ళు, ఏడాదికోసారి మారిపోయేవారు. తెలుగులో ఒక్క మాట అనకుండా వారాలు గడిచేవి. ఒక్కోసారి అద్దం ముందు గడ్డం గీసుకుంటూ పూల పేర్లు తెలుగులో పైకి చదువుకునేవాణ్ణి. గన్నేరు, నందివర్ధనం, సంపెంగ, విరజాజి. నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

కిటికీ అవతలి నుంచి

నా తప్పుల్లో చిన్నది ముందు చెబుతాను. ఒక బ్లాకు వెనక వరసగా ఏడాకులపాల మొక్కలు నాటించాను. తొందరగా ఎదుగుతాయి, ఎప్పుడూ పచ్చగా ఉంటాయి, పశువులు ముట్టవు. కొన్నేళ్ళకు అక్టోబరులో గుత్తులు గుత్తులుగా పూశాయి. సాయంత్రమైతే వీధంతా ఆ వాసనే. నాకు గర్వంగా ఉండేది.

ఆ బ్లాకులో ఉండే ఒక మలయాళీ నర్సు ఆఫీసుకు వచ్చింది. ఆ వాసనకు తలనొప్పితో నిద్ర పట్టడం లేదంది. "సెంటు రాసుకోవడానికి జనం తపించిపోతారు మేడమ్, మీకు ఊరికే వస్తోంది," అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "ఒకసారి మా గదిలో వచ్చి కూర్చోండి సార్. టీ ఇస్తాను. టీ వాసన తెలిస్తే చెప్పండి," అంది.

వెళ్ళి కూర్చున్నాను. చెట్టు కొమ్మ కిటికీ ఊచలకు తగులుతోంది. టీ సగం తాగకముందే కిటికీ వేసెయ్యమని నేనే అడిగాను. కొమ్మలు కొట్టించాను, ఇంకా చిన్నగా ఉన్న మొక్కల్ని తీయించి రోడ్డు అంచున నాటించాను. దారిన పోతూ ఒక్క క్షణం పీల్చే వాసన వేరు, దానితో కాపురం చెయ్యడం వేరు. ఏ చెట్టు నాటినా ముందు ఎదుటివాళ్ళ కిటికీ లోపల కూర్చుని చూడండి. పుస్తకాల్లో చెట్టు ఎత్తు రాసి ఉంటుంది గానీ ఇది ఉండదు.

మా డైరెక్టరు గారు

ఆయన చామంతి మనిషి. డిసెంబరు పూల ప్రదర్శన కోసమే బతికేవారు. కుండీకి ఒకటే కొమ్మ, కొమ్మకు ఒకటే పువ్వు. పక్కన వచ్చే మొగ్గలన్నీ గోటితో తుంచెయ్యాలి. అప్పుడు ఆ ఒక్క పువ్వు పళ్ళెమంత అవుతుంది. ఆయన పువ్వును స్కేలు పెట్టి కొలిచేవారు. ముక్కు దగ్గర పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నది చాలానే ఉంది. ఆకు వాలిన తీరు చూసి నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేవారు. జూలైలో అంట్లు నాటిన రోజు నుంచి డిసెంబరు దాకా ఓపిక ఎలా పట్టాలో ఆయనను చూసే నేర్చుకున్నాను. అయితే కోపం వస్తే నలుగురి ముందే అరిచేవారు. ఒకసారి పెటూనియా నారు ఆలస్యమైందని మాలీలందరి ముందు నన్ను నిలబెట్టి, "మీ ఊళ్ళో డిగ్రీలు సంతలో అమ్ముతారా?" అన్నారు. చాలా రోజులు మాలీల కళ్ళలోకి చూడలేకపోయాను. ఆ భయం లోపల ఉండిపోయింది. ఇది సాకుగా చెప్పడం లేదు. భయపెట్టే అధికారి కింద పనిచేస్తే మనిషిలో ఏం పాడవుతుందో మీరు తెలుసుకోవాలని చెబుతున్నాను.

మల్లె కంచె

నర్సరీ వెనక దురంతా మొక్కలతో కంచె వెయ్యాలని ప్లానులో ఉంది. నేను మల్లె వేశాను. అక్కడివాళ్ళు దాన్ని బేలా అంటారు. అడిగితే ఖాళీ నేల నింపానని చెప్పేవాణ్ణి. అసలు సంగతి, సాయంత్రం ఆఫీసు వదిలాక నాకు వెళ్ళడానికి ఒక చోటు కావాలి. రెండో ఎండాకాలానికి పొదలు నిండా పూశాయి.

ఏప్రిల్‌లో ఒకరోజు ఎండ వాలుతుండగా ఒకావిడ కంచె పక్కన నిలబడి కనిపించింది. నలభై లోపు ఉంటుంది. కొమ్మను చేత్తో పట్టుకుని, కొయ్యకుండా వాసన చూస్తోంది.

"ఇవి మల్లెలేనా?" అంది, తెలుగులోనే, తనలో తాను అనుకున్నట్టు.

"మల్లెలేనమ్మా," అన్నాను.

ఉలిక్కిపడి, తర్వాత ముఖమంతా నవ్వింది. "అయ్యో, తెలుగువారా! ఎదురు బ్లాకులోనే ఉంటామండీ. మాది కాకినాడ. ఈ ఊరొచ్చాక మల్లెపూల వాసన చూడ్డం ఇదే మొదలు." చెట్టుకు కట్టిన రేకు బోర్డు చూపించింది. "అదేం రాశారండీ? నాకు హిందీ రాదు."

"పూలు కొయ్యకూడదని."

"ఎవరు పెట్టారో మహానుభావుడు!"

"నేనే."

పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మరి కొయ్యకపోతే ఏమవుతాయి అన్నయ్యగారూ?"

"సాయంత్రం విచ్చుకుంటాయి. మర్నాడు ఎండకి ఎర్రబడి రాలిపోతాయి."

"ఎవరికోసం మరి?"

"కోసుకోండమ్మా. రోజూ వచ్చి కోసుకోండి. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పండి," అన్నాను.

రాజ్యలక్ష్మి గారు రోజూ వచ్చేవారు. మొగ్గ విచ్చకముందే, ఎండ పూర్తిగా తగ్గకముందే కోసేవారు. చాలా భాగం పంచడానికే. ఆ బ్లాకులో పంజాబీ, హర్యానా ఆడవాళ్ళకు తలలో పూలు పెట్టుకునే అలవాటు లేదు. కింది ఇంటి కమలా దీదీ మాల చేతిలోకి తీసుకుని, "మేరే బాల్ బచే కహాఁ హైఁ రీ!" పెట్టుకోవడానికి నాకు జుట్టెక్కడ మిగిలిందే అని తన పల్చటి జుట్టు తట్టుకుని చూపించింది. ఆవిడే మర్నాడు ఆ మాలను ఎయిర్ కూలరు గడ్డిలో దోపింది. గదంతా మల్లెగాలి. ఆ వేసవి బ్లాకులో ప్రతి కూలరులోనూ ఒక మాల ఉండేది. నేను పార్కులో నడుస్తుంటే కిటికీల్లోంచి చల్లగా ఆ వాసన తగిలేది. నా ఉద్యోగంలో నాకు బహుమతి అంటూ వచ్చింది అదే.

నాకూ ఒక చిన్న మూర పంపేవారు. "మీకిక్కడ పెట్టుకునేవాళ్ళు లేరు కదా, దేవుడి పటానికైనా వెయ్యండి," అనేవారు. గదిలో దేవుడి పటం లేదు. కిటికీ పక్క మేకుకు తగిలించేవాణ్ణి.

ఆ సాయంత్రం

మే నెలలో డైరెక్టరు గారితో మల్లె కంచె గురించి గొప్పగా చెప్పాను. సాయంత్రం పూట తెల్లగా పరిచినట్టుంటుందన్నాను. ఒక పెద్ద అధికారి గారి భార్యకు చూపిస్తానని, రేపు వస్తామని కబురు చేశారు. రేపన్నవాళ్ళు ఆ రోజే వచ్చేశారు, నన్ను వెంటబెట్టుకుని కంచె దగ్గరికి నడిచారు.

కంచె మీద పచ్చటి ఆకులు తప్ప ఏమీ లేవు. పక్కనే రాజ్యలక్ష్మి గారు, కొంగు నిండా మొగ్గలతో.

"యే క్యా హో రహా హై?" ఏమిటిదంతా అని డైరెక్టరు గారు అరిచిన అరుపుకు బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా లేచి వచ్చారు. ముందు కమలా దీదీ. "బోర్డు కనపడదా? సర్కారీ పూలు దొంగతనం చేస్తావా?" అని డైరెక్టరు గారు హిందీలో కేకలు వేశారు.

ఆవిడకు భాష అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. అయినా భయపడలేదు. నేను అక్కడే ఉన్నాను కదా. నావైపు తిరిగి నెమ్మదిగా, "అన్నయ్యగారూ, రోజూ కోసుకోమన్నది మీరే కదా. ఆ సంగతి ఆయనకి చెప్పండి," అన్నారు.

డైరెక్టరు గారు నన్ను చూశారు. "క్యా బోల్ రహీ హై?" ఏమంటోంది అని.

అక్కడ రెండు భాషలూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"మాఫీ మాంగ్ రహీ హై, సర్," అన్నాను. క్షమించమంటోంది అని.

మాఫీ అనే మాట తెలుగువాళ్ళకు తెలియనిది కాదు. ఆవిడ నన్ను ఒక్కసారి చూశారు. తర్వాత పమిట కొంగు విప్పి మొగ్గలన్నీ కంచె మొదట్లో పోసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. "ఆగే సే ధ్యాన్ రఖ్నా," ఇకమీదట జాగ్రత్త అని ఆవిడ వీపుకు చెప్పి, డైరెక్టరు గారు అతిథిని గులాబీల వైపు తీసుకెళ్ళారు. వెనక నేనూ నడిచాను. గులాబీ రకాల పేర్లు చెప్పాను కూడా.

ఆ వారంలోనే ఆవిడ భర్త సూర్యనారాయణ గారు బస్టాపులో కలిశారు. ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా, మెతక మనిషి. దగ్గరకొచ్చి, "మా ఆవిడ వల్ల మీకు పైవాళ్ళ దగ్గర మాట వచ్చిందట. తెలియనితనం. ఏమీ అనుకోకండి సార్," అన్నారు.

నేను, "పర్వాలేదండీ," అన్నాను.

డైరెక్టరు గారి ముందు అబద్ధం చెప్పించింది భయం. ఇక్కడ భయపెట్టేవాళ్ళెవరూ లేరు. బస్సు ఇంకా రాలేదు. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. అందుకే నాకు మొదటిదానికంటే ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

ఆవిడ మళ్ళీ పార్కులోకి రాలేదు. ఎవరి కుండీలో పువ్వు కనిపించకపోయినా బ్లాకువాళ్ళు ఆవిడ గుమ్మంవైపు చూసి నవ్వుకునేవారని మాలీలు చెప్పారు. "ఫూల్ చోర్నీ" పూలదొంగ అని పేరు పెట్టారట. మల్లెలు ఎవరూ కొయ్యక పొదల మీదే ఎర్రబడ్డాయి. నేను ఆ వైపు వెళ్ళడం మానేశాను. మరుసటి ఏడాది వేరే పార్కులకు మార్చమని నేనే అడిగి వెళ్ళిపోయాను. అప్పటినుంచి మునిర్కా గదిలో సాయంత్రాలు మరీ పొడుగయ్యాయి. మనిషికి తోడు లేకపోవడం ఒక రకం. ఉన్న ఒక్క పలకరింపునూ చేజేతులా పోగొట్టుకుని కూర్చోవడం ఇంకో రకం.

చెప్పవలసిన చోట

అలా చాలా ఏళ్ళు గడిచాక, నేను ఉద్యోగం మానేసిన చలికాలంలో సూర్యనారాయణ గారు మునిర్కా కూరగాయల బజారులో కనిపించారు. ఇంకా అదే క్వార్టరులో ఉన్నారు. విశాఖపట్నం బదిలీ అయిందని, త్వరలో సామాను కడుతున్నామని చెప్పారు. "ఒకసారి ఇంటికి రండి సార్," అన్నారు మర్యాదకి. ఆ ఆదివారమే వెళ్ళాను.

రాజ్యలక్ష్మి గారు తలుపు తీశారు. జుట్టు నెరిసింది. "రండి," అన్నారు. అన్నయ్యగారూ అనలేదు. సూర్యనారాయణ గారు పాలకు వెళ్ళారట. నేను కూర్చోకుండానే, ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని, తప్పయిందని గబగబా చెప్పేశాను.

ఆవిడ అట్టపెట్టెలో గిన్నెలు సర్దుతూనే విన్నారు.

"నాకెందుకు చెబుతారు? నాకు తెలుసు కదా," అన్నారు. "ఆ రోజు తర్వాత పట్టుపట్టి హిందీ నేర్చుకున్నానండీ. నా మాట ఇంకొకళ్ళు చెప్పే అవసరం ఉండకూడదని. వచ్చాక అందరికీ చెప్పాను. ఒక్కళ్ళు నమ్మలేదు. అంత ఆఫీసరు అబద్ధమెందుకు చెబుతాడు అన్నారు. మా ఆయన 'పోనీలే, వదిలెయ్' అన్నారు. నమ్మానని మాత్రం అనలేదు." ఒక గిన్నె చేతిలో పట్టుకుని ఆగారు. "ఈ ఊరు వదిలేముందు దొంగని కాదని ఒక్కసారి వినాలనుంది. నా చెవులతో కాదు. వాళ్ళ చెవులతో."

సూర్యనారాయణ గారు పాల ప్యాకెట్లతో వచ్చారు. "పదండి, ఎండలో కూర్చుందాం," అని ఆవిడే ముందు బయలుదేరారు. నేను వెనక నడిచాను. ఏమీ అర్థంకాక ఆయనా వచ్చారు.

పార్కులో చలికాలపు ఎండకు ఆడవాళ్ళు చాపలు పరుచుకుని బఠానీలు ఒలుస్తున్నారు, స్వెట్టర్లు అల్లుతున్నారు. కమలా దీదీ బాగా పెద్దదైపోయింది. నన్ను గుర్తుపట్టి, "అరే, బాగ్‌వాలే సాబ్! ఆవో, మూంగ్‌ఫలీ ఖావో," అని వేరుశెనక్కాయల పొట్లం ముందుకు తోసింది. రాజ్యలక్ష్మి గారు ఆవిడ పక్కన కూర్చుని బఠానీలు చేతిలోకి తీసుకున్నారు. నావైపు చూడలేదు.

నిలబడే చెప్పాను, హిందీలో. ఆ వేసవిలో మల్లెలు కోసుకోమన్నది నేనే. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పమన్నదీ నేనే. ఆ మాటే ఈవిడ ఆ రోజు అందరి ముందూ నాతో అన్నారు. క్షమించమని ఈవిడ అననే లేదు. నా ఉద్యోగానికి మాట వస్తుందని భయపడి నేను మార్చి చెప్పాను.

అల్లికలు ఆగిపోయాయి. కమలా దీదీ నన్ను ఎగాదిగా చూసింది. "ఇత్నే సాల్ ముఁహ్ మేఁ దహీ జమా థా క్యా?" అంది. ఇన్నేళ్ళూ నోట్లో పెరుగు తోడుపెట్టుకున్నావా అని. ఎవరూ నవ్వలేదు. ఆవిడ పక్కకు తిరిగి రాజ్యలక్ష్మి గారి మోకాలి మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచేసింది.

నేను సూర్యనారాయణ గారివైపు తిరిగాను. "బస్టాపులో మీరు నాకు క్షమాపణ చెప్పారు. నేను పుచ్చుకున్నాను. అది నాకు రావలసింది కాదు," అన్నాను. ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ ఇంకా కాయలు ఒలుస్తూనే ఉన్నారు, తల వంచుకుని.

ఆవిడ ముందు గడ్డిలో కూర్చున్నాను. అందరికీ తెలియాలని హిందీలోనే మొదలుపెట్టాను గానీ రెండో మాటకే తెలుగు వచ్చేసింది.

"రాజ్యలక్ష్మి గారూ, అన్నయ్య అని నమ్మి మీరు నాకు మాట అప్పజెప్పారు. నేను మిమ్మల్ని దొంగను చేశాను. అది తెలిసి కూడా ఇన్నేళ్ళు ఊరుకున్నాను. తప్పు మొత్తం నాది. నన్ను క్షమించండమ్మా."